కాడికి రెండో కొస

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త సుబ్బులు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు.

ఒక అడవిలో ఎద్దులకు బండలాగుడు పోటీలు జరిగేవి. జత కలిసి లాగినా, గెలుపు దండ మాత్రం వలపటి ఎద్దుకే, అంటే కుడివైపు దానికే వేసేవారు. ఏ తలమాసినవాడు పెట్టాడో ఆ ఆచారం! ఒక జతలో వలపట కర్రెన్న, దాపట, అంటే ఎడమవైపు, చుక్కడు. చుక్కడు కాలు దువ్వి రంకె వేస్తే కొమ్మల మీది కోతులు తిండి మరిచి చూసేవి. దండలన్నీ కర్రెన్నకే పడ్డాయి.

చుక్కడు చనిపోయాక పోటీల మైదానానికి అతని పేరు పెట్టమని జంతువులన్నీ అడిగాయి. పెద్దరికం చేసే నక్క నవ్వింది.

"మీరు కేకలు వేస్తే సరిపోతుందా? వాడి మెడలో ఒక్క దండైనా పడిందా? కర్రెన్న మామా, నీ పేరే పెడుతున్నాం. సంతోషమేనా?"

కర్రెన్నకు ఒళ్లు మండిపోయింది.

"నోరు ముయ్యరా! ఇసుకలో నా కాళ్లు కూరుకుపోతే, మోకాళ్ల మీద పాకి బండ కదిలించింది వాడు. ఏనాడైనా కాడి మోశావా నువ్వు? ఒక్క మెడే చాలయితే కాడికి రెండు కొసలెందుకురా?"

"ఆచారం మామా," అంటూ నక్క రాతిపలక మీద కర్రెన్న పేరొక్కటే చెక్కించింది.

కర్రెన్న ఆ పలకను కుమ్మాడు. కొమ్ము విరిగింది గాని పలక పగల్లేదు. ఇప్పటికీ అలాగే ఉందట. అటు వెళ్లేవాళ్లలో రాత వచ్చినవారుంటే చుక్కడి పేరు కూడా చెక్కండి. ఎడమవైపు చోటు ఖాళీగానే ఉంది.