నానమ్మకు ఇవ్వని బిళ్ళ

ఈ రోజు ఇంట్లో ఉన్నది నానమ్మ, నేను, గోడకున్న మందుల పెట్టె. అమ్మ మిరప కోతకు వెళ్ళింది.

ఇప్పుడు ఊళ్ళో ప్రతి ఇంటికీ పెట్టె ఉంది. ఎవరు ఏ మందు వాడుతున్నారో దానికి తెలుసు. వేలు ఆనిస్తేనే బిళ్ళ రాలుస్తుంది. నానమ్మ గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతుంది కాబట్టి ఆమె వేలికి నొప్పి బిళ్ళ ఇవ్వదు. "రెండూ కలిస్తే లోపల రక్తం కారుతుందమ్మా" అని మెల్లగా చెబుతుంది.

"గుండె మందుకీ మోకాలికీ ఏం చుట్టరికమే? దీనికి బుర్ర లేదు" అంటుంది నానమ్మ.

అందుకే నాలుగు రోజులుగా నేను వేలు ఆనించి, రాలిన బిళ్ళ నానమ్మకు ఇస్తున్నాను. నెలసరి కడుపునొప్పి అంటే ఆడపిల్లను పెట్టె ఇంకేమీ అడగదు.

ఈ మధ్యాహ్నం బిళ్ళ తీసుకెళ్తే, నానమ్మ చేతుల మీద నేరేడు రంగు మచ్చలు కనిపించాయి.

"ఎక్కడ కొట్టుకున్నావు నానమ్మా?"

"ఎక్కడా లేదే. ఏదీ, ఇటు తే తల్లీ."

కాదని చెప్పడం నాకు ఎవరి దగ్గరా చేతకాదు. బిళ్ళ నా నోట్లోనే వేసుకుని మింగేశాను. పెట్టె దగ్గరికి వెళ్ళి మచ్చల సంగతి, నా అబద్ధం సంగతి చెప్పేశాను. నర్సమ్మ గంటలో వస్తుందని అది చెప్పింది.

"ఇంటిదొంగా! పో, నీతో మాట్లాడను" అంటూ నానమ్మ కుంటుకుంటూ గదిలోకి వెళ్ళి నా ముఖం మీదే తలుపు వేసింది. గడియ మాత్రం పెట్టుకోలేదు.