అడ్డం పెట్టిన చక్రం

కారు సైలెన్సర్ వదులై కిందికి వేలాడుతోంది. రేపు తెల్లారేసరికి అమ్మాయిని పక్క ఊళ్ళో పరీక్షకి దింపాలి.

"పక్కింటివాళ్ళు పిలిచే మెకానిక్ ఇంటికి ఫోన్ చేశానండీ. ఇవాళ పని చెయ్యలేనన్నాడు. పాపం, ఆయనకి..." భార్య ఏదో చెప్పబోయింది.

"సాకులు నాకు చెప్పకు. ఒక్క క్లాంపు బిగించడానికి అంత బెట్టా! నేనే బిగిస్తాను."

"మీరు మాత్రం కారు కింద దూరొద్దని మరీ మరీ చెప్పాడండీ."

"బేరం పోతుందని బెంగలే!"

అయ్యగారికి పట్టుదల ఎక్కువ, పనితనం తక్కువ. పోయినసారి అల్మారా తలుపు బిగిస్తే అది మళ్ళీ ఎవరికీ తెరుచుకోలేదు. అయినా వీడియో రెండుసార్లు చూసి, స్పానర్లు పట్టుకుని వీధిలోకి దిగాడు.

జాకీ పెట్టి కారు పైకెత్తాడు. క్లాంపుకి చెయ్యి అందాలని వెనక చక్రం ఊడదీసి గోడకి ఆనించాడు. నేల మీద గోనెపట్టా పరిచాడు.

అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన. భుజం మీంచి కుడిచేతి నిండా తువ్వాలు కప్పుకుని, ఆయాసపడుతూ ఆగాడు.

"బాబూ, ఇక్కడ నేల వాలుగా ఉంది. జాకీ జారుతుంది."

"వీడియో చూశానండీ."

"వీడియోలో కారు చదునైన నేల మీద ఉంటుంది బాబూ."

మాట నిజమే. అందుకే ఒళ్ళు మండింది.

"మీకేం పని లేదా? పని తెలిసిన మెకానిక్కేమో బద్ధకంతో ఇంట్లో పడుకున్నాడు. సలహాలిచ్చేవాళ్ళకి మాత్రం కొదవ లేదు!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది. గోడకున్న చక్రాన్ని ఎడమచేత్తో దొర్లించుకొచ్చి, పడుకోబెట్టి, కాలితో కారు కిందికి తోశాడు.

"తియ్యండి దాన్ని, నాకు అడ్డం!"

"అడ్డంగా ఉండటమే దాని పని. మీరు బయటికొచ్చేదాకా ఉండనివ్వండి బాబూ."

వచ్చిన దారినే మెల్లగా వెళ్ళిపోయాడు.

అతను చక్రాన్ని లాగేద్దామని చెయ్యి వేశాడు. బరువుగా ఉంది. బద్ధకం వేసింది. పోనీలే అనుకుని, దాని పక్కనుంచే కారు కింద దూరాడు.

క్లాంపు తుప్పు పట్టి మొండికేసింది. స్పానర్ వేసి బలమంతా పెట్టి లాగాడు.

కారు ఊగింది. జాకీ ఒరిగిపోయింది.

ధన్‌మని దిగిన కారు చక్రం మీద ఆగింది. అతని ఛాతీకీ ఇనుముకీ మధ్య వేలెడు సందు మిగిలింది.

పాక్కుంటూ బయటికొచ్చాడు. నడివీధిలో కూర్చుని, ఎవరు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

తేరుకుని వీధి మలుపుదాకా పరుగెత్తాడు. పెద్దాయన ఎక్కడా లేడు. ఎవరో ఏమిటో, ఒక్క ముక్క అడిగి ఉంటే బాగుండేది.

తిరిగొచ్చేసరికి భార్య గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"మెకానిక్ వాళ్ళావిడండీ. కుడిచెయ్యి విరిగి కట్టుతో ఉన్న మనిషి, మీరెక్కడ కారు కింద దూరతారోనని, వద్దంటున్నా వినకుండా నడుచుకుంటూ మనింటికే బయల్దేరాడట, వచ్చాడా అని అడుగుతోంది."