కంట్లో పువ్వు

బాత్రూం తలుపుకి చెవి ఆనించి నిలబడింది సుధారాణి. లోపల కుళాయి ధారగా పోతోంది. ఆ చప్పుడు చాటున మొగుడు తిరుమలరావు ఏదో గొణుగుతున్నాడు.

"డి... ఎఫ్... జెడ్... పి..."

మంత్రం కాదు, పాటా కాదు. ఇంగ్లీషు అక్షరాలు. వారం రోజులుగా ఇదే వరస.

"ఏటండీ ఆ సదువు?" బయటికి రాగానే అడిగింది.

"ఏ సదువు? ఏటీ లేదు" అంటూ అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ డాబా మీదికి వెళ్లిపోయాడు.

వెంటనే చొక్కా జేబు వెతికింది. మడతపెట్టిన కాగితం దొరికింది. పైన పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చిన్నవి. కళ్ల డాక్టరు గోడకి తగిలించే చార్టు! కొన్ని అక్షరాల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు కూడా చుట్టి ఉన్నాయి.

కాగితాన్ని ఉన్నదున్నట్టు మడిచి జేబులో పెట్టేసింది.

తిరుమలరావు గాజువాక దగ్గర ఒక ఇనుప యార్డులో క్రేను నడుపుతాడు. నాలుగు నెలల కిందట గ్రైండింగ్ చేసే చోట ఇనప రవ్వ ఎగిరి అతని కుడికంట్లో పడింది. రవ్వ తీశారు, పుండు మానింది, ఎరుపు పోయింది. నల్లగుడ్డు మీద నూకగింజంత తెల్లటి మచ్చ, పువ్వంటారే అది, మిగిలింది, అంతే. మళ్లీ క్రేనెక్కాడు.

కానీ అప్పట్నుంచి మనిషి తేడాగానే ఉన్నాడు. పొద్దువాలితే బండి నడపడు, తోసుకుంటూ వస్తాడు. ఎదురుగా హెడ్‌లైటు పడితే ఆగిపోయి కన్ను మూసుకుంటాడు. అడిగితే "దుమ్ము" అంటాడు.

చూపు పోయింది, దాస్తున్నాడు. రేపు కంపెనీలో పెట్టే కంటి పరీక్షలో బట్టీ అప్పజెప్పి గట్టెక్కుదామనుకుంటున్నాడు. ఆ క్రేను కింద కొక్కెం తగిలించేది ఎవరు? ఆమె తమ్ముడు కోటి!

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో పట్టుకుని, మొగుడి కంటే ముందే కంపెనీ క్లినిక్‌కి చేరింది.

"మా ఆయన చార్టు బట్టీ పట్టీసారండి. దయచేసి వేరేది పెట్టండి" అంది, డాక్టరు మొహంలోకి చూడలేక.

డాక్టరు ఒక్క క్షణం ఆమెను తేరిపార చూసి, గోడ మీది చార్టు మార్చేశాడు. ఆమె తెర వెనక నిలబడింది.

తిరుమలరావు వచ్చాడు. ఎడమకన్ను మూసి గోడకేసి చూశాడు. చూసి, కొయ్యబారిపోయాడు. ఆగి ఆగి రెండు వరసలు చదివాడు. మూడో వరసలో తడబడ్డాడు. నాలుగో వరస దగ్గర నోరు పెగల్లేదు.

"మళ్లీ చదువు."

మళ్లీ అవే తప్పులు.

"క్రేను పనికి అన్‌ఫిట్. కింద స్టోర్‌లో చేసుకో" అని డాక్టరు సంతకం పెట్టేశాడు.

బయట బస్టాపు నీడలో అతని చెయ్యి పట్టుకుంది సుధారాణి. కన్నీళ్లు ఆగడం లేదు.

"చార్టు మార్పించింది నానేనండి. కింద మా కోటిగాడుంటాడు కదా... తిట్టండి, కొట్టండి."

అతను తిట్టలేదు. ఎడమకన్ను అరచేత్తో మూసి, రోడ్డు అవతల ఆగిన లారీ వైపు చూశాడు. వెనక తలుపు మూలన ఆవగింజల్లాంటి అక్షరాల్లో పెయింటరు రాసుకున్న ఫోన్ నంబరుంది. పది అంకెలూ గడగడా చదివేశాడు.

ఆమె కళ్లు చిట్లించి ఆ అంకెలు సరిచూసుకుంది, ఒక్కటీ తప్పు లేదు.

"సదవడానికి ఈ కన్ను బానే ఉందే" అన్నాడు నెమ్మదిగా. "లైట్లెలిగితేనే రోగం. ఒక్కో బల్బూ సూదుల్లాగ పగిలిపోద్ది, ఆ ఎలుగులో కింద కోటిగాడు కనపడ్డు. డాక్టరుకి రెండుసార్లు సెప్పేను. పుండు మానింది కదా, చార్టు మొత్తం సదివేవు కదా అని ఫిట్ రాసీసారు. నీకు సెప్తే తమ్ముడి కోసం బెంగెట్టుకుంటావని నోరు మూసుకున్నాను."

"మరి బాత్రూంలో ఆ బట్టీ ఏటండీ?"

తిరుమలరావు తల దించుకున్నాడు.

"మళ్లీ సదవమంటే మళ్లీ అవే రావాలి కదా. తప్పులు బట్టీ పట్టేను."