గేర్ ఆయిల్ కంపు

షెడ్డులోకి అడుగు పెట్టగానే జగదీశ్వర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మురిగిన కోడిగుడ్ల కంపు. జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

నారాయణగూడ ఫ్లైఓవర్ వెనక సందులో రేకుల షెడ్డు అది. 2012 మే నెల ఎండకు లోపల ఉడికిపోతోంది. సముద్రంలో పందేలకు తిరిగే పడవల ఇంజన్ల పని నేర్పుతామని గేటు మీద చేత్తో రాసిన బోర్డు. లోపల ఇనప స్టాండు మీద గేదెంత ఇంజన్. దాని వెనక నుంచి కాలులా కిందికి దిగి, చివర రెక్కలున్న భాగం పేరు స్టెర్న్ డ్రైవ్ అట. పడవను తోసేదీ తిప్పేదీ అదే. రెక్కలు మునిగేలా కింద నీళ్ల తొట్టి పెట్టారు. ఆ నీళ్లు నల్లగా ఉన్నాయి. పైన నూనె తెట్టు. గోడల నిండా మసి. మూలన పాన్ ఉమ్మిన మరకలు.

ఆ ఉమ్మిన మనిషే అక్కడ గురువు. పేరు సూర్యనారాయణమూర్తి. విశాఖపట్నం వైపు మనిషి. బొంబాయిలో పందెం పడవలకు మెకానిక్‌గా చేశానని చెప్పుకుంటాడు. చిరిగిన బనీను, గోళ్ల నిండా నలుపు.

"ఎవరండీ మీరు?"

"జగదీశ్వర్ అంటరు సార్. మా తమ్ముణ్ణి చేర్పిద్దామని జర చూడనీకి వచ్చిన."

"చూడండి. ఏదీ ముట్టుకోకండి."

కూర్చోమని కూడా అనలేదు. డ్రైవ్ అడుగున బోల్టు విప్పి, కారిన ఆయిల్‌ను అరచేతిలో పట్టాడు మూర్తి. విరిగిన పాల టీలా ఉంది. చుట్టూ నిలబడ్డ కుర్రాళ్ల ముక్కుల దగ్గర పెట్టాడు.

"వాసన చూడండ్రా. వేళ్ల మధ్య రుద్దండి. ఇలా తెల్లబడిందంటే సీలు పోయిందని. నీళ్లు లోపలికి దిగాయి. దీంతో సముద్రంలోకి వెళ్తే గేర్లు పిండైపోతాయి."

ఎల్లేష్ అనే కుర్రాడు వెనక్కి జరిగాడు. మూర్తి అతని మణికట్టు పట్టుకుని లాగి, వేళ్లను ఆ ఆయిల్‌లో ముంచాడు.

"రోత పుడితే గుమస్తాగిరీ చూసుకో!"

కాసేపటికి ఆ చేతిని గుడ్డకు తుడిచానంటే తుడిచానన్నట్టు తుడిచి, అదే చేత్తో టిఫిన్ డబ్బా తెరిచి పులిహోర కలుపుకున్నాడు. జగదీశ్వర్ చూడలేక బయటికి వచ్చేశాడు. ఇలాంటి చోటికి పిల్లలు ఎగబడి వస్తున్నారంటే అతనికి ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం సందు మొగలో టీ కొట్టు దగ్గర ఎల్లేష్ కనిపించాడు. మహబూబ్‌నగర్ వైపు పల్లె. తల్లి మాసమ్మ ఇక్కడే బిల్డింగుల దగ్గర ఇటుకలు మోస్తుంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ పరీక్ష రాశాడు, పోయింది. దుబాయిలో పందెం పడవల మీద పని దొరికితే తల్లిని పని మాన్పించాలని ఇందులో చేరాడు.

"తమ్మీ, సర్టిఫికెట్ ఇస్తడా మీ సారు?" అడిగాడు జగదీశ్వర్.

"ఇయ్యనన్నడన్నా."

"నౌకరి?"

"దాని మాటే ఎత్తడు."

"మరేం నేర్పుతుండు? ఈ హైదరాబాద్‌ల సముద్రమున్నదా?"

"లేదన్నా, గని ఇంజన్ మస్తుంటది. స్టార్ట్ జేస్తే గుండె అదురుతది."

"లారీ ఇంజన్‌కు రంగేసి స్టార్ట్ జేసినా అదురుతది."

ఎల్లేష్ టీ సగంలోనే వదిలేసి, ఆ మాట తోటి కుర్రాళ్లకు చెప్పడానికి వెళ్లాడు.

మర్నాడు కుర్రాళ్లంతా కలిసి మూర్తిని నిలదీశారు. జగదీశ్వర్ గేటు దగ్గర నిలబడి చూశాడు.

"సార్, నౌకరి ఎప్పుడు వెట్టిస్తవు?"

"నాకేం తెలుసు? ముందు చేతికి పని రానీ."

"ఇది లారీ ఇంజనంట గదా!"

మూర్తి ఒక్కసారి గేటు వైపు చూశాడు. ఏదో అనబోయాడు, దగ్గు తెర కమ్మింది. దగ్గి దగ్గి కఫం ఉమ్మి, "నమ్మకం లేకపోతే పొండి. ఒక్కొక్కణ్ణీ బతిమాలలేను" అన్నాడు.

ఎవడో తొట్టిని తన్నాడు. నల్లటి నీళ్లు నేలంతా పారాయి. ఇంకొకడు స్పానర్లు ఎత్తి ఆ బురదలో విసిరాడు. ఎల్లేష్ ఏదీ విసరలేదు, తల వంచుకుని బయటికి నడిచాడు. మూర్తి ఆ మురికిలోనే మోకాళ్ల మీద కూర్చుని స్పానర్లు ఒక్కొక్కటే వెతికి బనీనుకు తుడుచుకుంటున్నాడు. నీళ్లు తన బూట్ల దాకా రావడంతో జగదీశ్వర్ "ఛీ" అంటూ వెనక్కి గెంతాడు.

సందులో మిగతా కుర్రాళ్ల పక్కన ఎల్లేష్ గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఇప్పుడెట్లన్నా? మా అమ్మకేం జెప్పాలె?"

"పరేషాన్ గాకు తమ్మీ. అందరు నా ఎంట రాండ్రి. మంచి జాగ చూపిస్త."

చిక్కడపల్లిలో ఒక భవనం రెండో అంతస్తుకు తీసుకెళ్లాడు. అద్దాల తలుపు, దాని మీద పడవ ఇంజన్ల శిక్షణ అని రంగు అక్షరాలు, తెల్లటి టైల్స్, చల్లగా ఏసీ. గదంతా మల్లెపూల సెంటు వాసన. కుర్రాళ్లు చెప్పులు బయటే విడిచారు. జగదీశ్వర్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఎల్లేష్ నల్లటి చేతుల్ని వెనక దాచుకుని గదంతా కలయజూశాడు.

"ఇంజన్ ఏదన్నా?"

ప్రొప్రైటర్ అని రాసి ఉన్న బల్ల వెనక తన కుర్చీలో కూర్చుని, జగదీశ్వర్ గోడ మీది ఇంజన్ రంగుల బొమ్మ చూపించాడు. అసలు ఇంజన్ ఊరు మొత్తం మీద ఒక్క మూర్తి షెడ్డులోనే ఉందని అతనికి మొదటి రోజే తెలుసు.