వెన్న వాసన

“ముందు నువ్వు చూడమ్మాయ్,” అంటూ ముక్కు మాస్టారు గ్లాసును ఆమె వైపు జరిపారు.

ఇక్కడికొచ్చినా అదే పాట! దేశం మారింది, పాల క్యాను పోయి బీరు గ్లాసు వచ్చింది, ఆయన మాత్రం మారలేదు. ల్యాబు అమ్మాయికి ఒళ్లు మండింది.

ఇద్దరూ ఒకే పాల డెయిరీ నుంచి వచ్చారు. రెండు దేశాల ఆహార పరిశ్రమల వాళ్లు ఒకరి పని ఒకరు చూసి నేర్చుకునే యాత్ర అది. ఆ పూట వంతు బీరు తయారుచేసే ఈ చిన్న బ్రూవరీది. గోడల వెంట నిలువెత్తు స్టీలు ట్యాంకులు, కాళ్ల కింద తడి నేల, గాలి నిండా ఉడికిన బార్లీ వాసన. తాగక్కర్లేదు, వాసన చూస్తే చాలన్నారు కాబట్టి ఆమె లోపలికి వచ్చింది.

డెయిరీలో మాస్టారి ముక్కుకు తిరుగులేదు. క్యాను మూత తీసి, వాసన చూసి ఆయన ‘వద్దు’ అంటే ఆ పాలు వెనక్కి పోవాల్సిందే. త్వరలో రిటైరవుతున్నారు. ఆ కుర్చీ మీద ఆమె ఎన్నాళ్ల నుంచో ఆశ పెట్టుకుంది. కానీ ప్యాకింగులో ఆయన అల్లుడున్నాడు. మేనేజరు దగ్గర ఆయన ఎవరి పేరు చెబితే వాళ్లదే కుర్చీ.

మూడేళ్ల కిందట విషజ్వరంతో మంచం పట్టి లేచిన మనిషి, డ్యూటీలో చేరగానే ఆమె బల్లను ల్యాబులోంచి తీయించి క్యాన్ల దగ్గర, తన పక్కనే వేయించారు. అప్పటి నుంచి ప్రతి క్యానుకూ ఇదే తంతు. ముందు ఆమె చూడాలి, తర్వాత ఆయన చూసి అందరికీ వినబడేలా తీర్పు చెప్పాలి. పేరేమో ఆయనకు, పరీక్ష ఆమెకు. తప్పు దొరికితే పట్టుకుందామనే కదా, కళ్లార్పకుండా అలా కాపలా కాయడం?

పొద్దున హోటల్లోనూ అంతే. కాఫీలో పాలు మాడు వాసన కొట్టాయి. ఆయన సగం తాగేశారు. ఆమె కప్పు పక్కన పెట్టాక తనదీ పక్కన పెట్టి, “పాలు మాడ్చారమ్మాయ్,” అన్నారు. నేను కనిపెడతానో లేదోనని చూశారన్నమాట, అని ఆమె పళ్లు నూరుకుంది.

“వీటిలో ఒకటి చెడిన సరుకు,” అంది బ్రూవరీ యజమానురాలు, బల్ల మీది గ్లాసుల వరస చూపిస్తూ. “అదేదో చెప్పండి.”

యాత్రకు వచ్చిన వాళ్లంతా చుట్టూ మూగారు. ల్యాబు అమ్మాయి ఒక్కో గ్లాసూ వాసన చూస్తూ వెళ్లింది. ఒకదాని దగ్గర చప్పున డెయిరీలో చిలికే గది గుర్తొచ్చింది. తనకు తెలియకుండానే నవ్వింది. చివరి గ్లాసు ఘాటుకు ముక్కు చిట్లించింది.

మాస్టారు అన్నీ చూసి చివరి గ్లాసును పక్కకు నెట్టారు. “ఇదే.”

“అయ్యో, అది మా మంచి సరుకు! చెడింది ఇది,” అని యజమానురాలు మధ్యలోని గ్లాసు ఆయన చేతికిచ్చింది. “మళ్లీ చూడండి. ఏం వాసన వస్తోంది?”

మాస్టారు గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు ఉండిపోయారు. తర్వాత ల్యాబు అమ్మాయి వైపు చూశారు. ఇప్పుడు చెప్పండి చూద్దాం అనుకుంటూ ఆమె ముఖం ట్యాంకుల వైపు తిప్పేసుకుంది.

“పులిసిన వాసన...” అన్నారు నసుగుతూ.

“వెన్న వాసనండీ! బీరులో ఆ వాసన వస్తే చెడినట్టే. పాలవాళ్లు కదా, ఇట్టే పట్టేస్తారనుకున్నాను.”

అందరూ గొల్లుమన్నారు. మాస్టారి తల వాలిపోయింది. ల్యాబు అమ్మాయికి నవ్వు రాలేదు, అనుమానం ముదిరింది. గేటు పక్కన ఖాళీ పీపాల దగ్గర ఆయన ఒంటరిగా దొరికేదాకా ఆగింది.

“కావాలనే తప్పు చెప్పారు కదూ?”

“కావాలని ఎవరైనా పరువు తీసుకుంటారా?”

“నా పరువు తీయడానికి! ముందు వాసన చూసింది ఆ అమ్మాయే, తనకూ తెలియలేదని డెయిరీలో చెబుతారు. కుర్చీ మీ అల్లుడికి ఇప్పిస్తారు.”

“వాడికా? వాడికి పెరుగుకీ సున్నానికీ తేడా తెలియదు. బయలుదేరే ముందే మేనేజరుకు నీ పేరు చెప్పొచ్చాను.”

ఆమె నమ్మలేదు. “మరి ఆ వెన్న సంగతేంటి? పసిపిల్లలు కూడా పట్టేస్తారు!”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ గ్లాసు దగ్గర నువ్వు నవ్వావు కదమ్మా.”

“నేను నవ్వితే మీకేంటి?”

చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని ఆయన గొంతు తగ్గించారు.

“ఆ జ్వరం తగ్గినప్పటి నుంచీ నాకు ఏ వాసనా తెలియదమ్మా.”