నీలిగొంతు పిట్ట

“ఈ కూత పిట్టది కాదు. ఫిలోమినా గారిదే.”

వాట్సాప్ గ్రూపులో నిఖిల్ పెట్టిన ఈ మెసేజ్ కింద నవ్వు బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి.

అది హైదరాబాద్‌లో పక్షుల్ని చూసేవాళ్ల గ్రూపు. ఫిలోమినా అందులో కొత్తగా చేరింది, ఇంకా ఎవరినీ కలవలేదు. ఫిల్మ్ నగర్‌లో ఒక ఖాళీ స్థలం వెనక, బండల మధ్య పొదల్లో తను చూసిన పిట్ట గురించి ఆ ఉదయమే రాసింది. ఫోన్లో రికార్డు చేసిన కూత జతచేసింది.

నీలిగొంతు ఫ్లైక్యాచర్. గాల్లోనే పురుగుల్ని పట్టి తినే, పిచ్చుకంత పిట్ట. హిమాలయాల్లో గూడు కడుతుంది. చలికాలం పడమటి కనుమల అడవులకు పోతుంది. అలాంటిది దారి తప్పి ఫిల్మ్ నగర్ బండల్లో దిగిందంటే ఎవరైనా ఉలిక్కిపడాల్సిందే.

కానీ ఫొటో లేదు. కూత మాత్రమే ఉంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎందరో హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పిన మనిషి ఫిలోమినా. తెర మీద చంటిపిల్ల ఏడ్చినా ఆ ఏడుపు ఆమెదే. చిలక పలుకు కావాలన్నా, కోయిల కూత కావాలన్నా ఆమెనే పిలిచేవారు. ఇప్పుడు పరభాషా సినిమాలకు తెలుగులో మాటలు రాస్తోంది. ఖాళీ దొరికితే ఏ చెట్టు కిందో కూర్చుని పక్షుల్ని వింటోంది.

ఏ పిట్ట ఎక్కడ కనిపించిందన్న కొత్త రికార్డుల్ని గ్రూపు తరఫున పరిశీలించే రాఘవేంద్ర మర్యాదగానే అడిగాడు.

“మేడమ్, మన దగ్గర మామూలుగా కనిపించే ఫ్లైక్యాచర్‌కి గొంతు నారింజ రంగులో ఉంటుంది. దాన్నే చూసి మీరు పొరబడి ఉండొచ్చు. ఇక కూతంటారా, మీ వృత్తి తెలిశాక ఎవరికైనా అనుమానం వస్తుంది కదా! ఒకసారి ఫోన్ చేస్తాను, మాట్లాడుకుందాం.”

“ఫోన్ వద్దు. అడిగేదేదో ఇక్కడే, అందరి ముందే అడగండి” అని జవాబిచ్చింది ఫిలోమినా.

“అంటే ఒప్పుకున్నట్టేనా?” మళ్లీ నిఖిల్.

“నా గొంతు సంగతి వదిలేయండి. పిట్ట గొంతు సంగతి చూడండి. అది నీలం. కళ్లారా చూశాను.”

రాఘవేంద్ర ఇక పొడిగించలేదు. ఫొటో వచ్చేదాకా ఈ రికార్డు చెల్లదని తేల్చేశాడు.

యూసుఫ్‌గూడ ఇంట్లో ఆ మెసేజ్‌లన్నీ చదివి కూతురు జెరూష భగ్గుమంది.

“ఒక్క ముక్క చెబితే అందరి నోళ్లూ మూతపడతాయి మమ్మీ! నువ్వు చెప్పకపోతే నేనే పెడతా.”

ఫిలోమినా ఆమె చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. కళ్లెర్రజేసింది. గ్రూపు వాళ్లు తనను నమ్మి పిట్టను ఒప్పుకోవడం ఆమెకు అక్కర్లేదు. పిట్టను చూసే పిట్టను ఒప్పుకోవాలి.

మర్నాడు తెల్లారేసరికి కెమెరాతో అదే బండ మీద కూర్చుంది.

వాచ్‌మన్ నర్సింహ టీ గ్లాసుతో వచ్చాడు. “మళ్లొచ్చిండ్రా మేడమ్? జల్ది చూస్కోండ్రి. ఇయ్యాల గీడ సెట్ పని షురూ అయితది. గీ పొదలన్నీ కొట్టేస్తరు.”

ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుంది. నర్సింహ నాలుక్కరుచుకుని, మునివేళ్ల మీద వెనక్కి వెళ్లాడు.

పొద్దెక్కింది. పొదలో కూత వినబడుతోంది గానీ పిట్ట బయటికి రావడం లేదు. ఇంతలో వ్యాను వచ్చి ఆగింది. కొడవళ్లతో, గొడ్డళ్లతో కూలీలు దిగారు. వెనకే ప్రొడక్షన్ మేనేజర్ దిగాడు.

ఫిలోమినా లేచి, పొదలకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

“ఎవరమ్మా మీరు? ఈ స్థలం మేం అద్దెకు తీసుకున్నాం. ఏం కావాలి మీకు?”

ఆమె కదల్లేదు. వెనక పొదను చూపించింది. కాసేపు ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తింది.

“డైరెక్టర్ గారొచ్చే టైమైంది. మర్యాదగా చెబుతున్నా, తప్పుకోండి.”

మేనేజర్ ఒకడుగు ముందుకేశాడు. ఆమె కూడా ఒకడుగు ముందుకే వేసింది. చూపు దించలేదు.

కూలీల్లో బుచ్చమ్మ అనే పెద్దావిడ కొడవలి పక్కన పెట్టి నేల మీద చతికిలబడింది. “ఆడామె గంత పట్టుబట్టి నిలవడితే ఎట్ల కొడ్తం సారూ? జరసేపు ఆగుదం. ఏమైతది?”

మిగతావాళ్లూ కూర్చున్నారు. మేనేజర్ విసుక్కుంటూ ఫోన్ తీసుకుని వ్యాను వైపు నడిచాడు.

అలికిడి ఆగింది. పిట్ట బయటికొచ్చింది. గాల్లో పల్టీ కొట్టి పురుగును అందుకుంది. ఎదుటి బండ మీద ఎండలో వాలింది. తలెత్తి కూసింది. పొట్ట తెలుపు, రొమ్ము నారింజ, గొంతు ముదురు నీలం.

ఫిలోమినా చేతుల్లో కెమెరా ఆగకుండా క్లిక్కుమంది.

మధ్యాహ్నానికి అక్కడ పొదలు లేవు. పిట్టా లేదు. గ్రూపులో మాత్రం ఫొటోలున్నాయి. వాటి కింద ఒకే ఒక్క వాక్యం: “ఇప్పుడు చెప్పండి, ఈ గొంతు కూడా నాదేనా?”

నవ్వు బొమ్మ ఒక్కటీ రాలేదు. సాయంత్రానికి రికార్డు ఖాయమైంది. నిఖిల్ అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆదివారం రాఘవేంద్ర స్వయంగా యూసుఫ్‌గూడ వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు తీసిన జెరూష అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. లోపలి గదిలోంచి ఫిలోమినా వచ్చి నమస్కారం పెట్టింది.

“తప్పు మాదేనండీ” అన్నాడు రాఘవేంద్ర, లేచి నిలబడి. “మీ పట్టుదలకు దండం పెట్టాలి. చిన్న కోరిక, కాదనకండి. ఆ పిట్ట కూత మీ నోట ఒక్కసారి వినిపించరూ? అచ్చం అలాగే కూస్తారట కదా!”

ఫిలోమినా నవ్వింది. కూతురి వైపు తిరిగి, ఇక చెప్పొచ్చన్నట్టు తలూపింది.

“క్యాన్సరొచ్చి మమ్మీ స్వరపేటిక మొత్తం తీసేసి మూడేళ్లయింది సార్” అంది జెరూష.