ఉత్తరం పైన

"ఇది మ్యాపా, పెళ్లిపందిరా?" అంది ఓరికసా ఫుసాయె.

బల్లకి అవతల కూర్చున్న అమ్మాయి తల వంచుకుంది. అమ్మాయంటే మరీ అమ్మాయేం కాదు, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఈ వయసులో పని నేర్చుకోవడానికి తయారైంది మహాతల్లి. ఎవరు పంపారో ఫుసాయెకి తెలీదు. ఎవరు పంపినా వాళ్లకీ బుద్ధి లేదు.

"చుట్టూ ఈ చెర్రీపూల అంచేంటి?"

"చూడ్డానికి బాగుంటుందని, మేడమ్."

"అందంగా ఉండాలంటే కిమోనో కొనుక్కో. మ్యాప్ చూసేది దారి కోసం."

స్టేషన్ల ముందు, ఆస్పత్రుల గుమ్మాల్లో, వేడినీళ్ల ఊటల దగ్గర నిలబెట్టే దారిబోర్డులు గీయించడంలోనే ఫుసాయె జుట్టు నెరిసింది. ఆవిడ ఎర్రముద్ర పడకుండా ఒక్క మ్యాపూ గడప దాటేది కాదు. ముందు పేర్లు లేకుండా తెమ్మనడం ఆవిడ పద్ధతి. పేర్లుంటే కళ్లు వాటినే చదువుకుంటూ కూర్చుంటాయి, గీత మంచిదో చెడ్డదో పట్టించుకోవు. ముద్ర పడ్డాకే పేర్లు రాయాలి. ఈ అమ్మాయికి వచ్చిన విద్య అదొక్కటే, పేర్లు రాయకుండా తేవడం.

ఫుసాయె మ్యాప్‌ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చూసింది.

"నాలుగు రంగులు వేశావు. నాలుగూ ఒకేసారి అరుస్తున్నాయి, నేను ఎవరి మాట వినాలి? గుర్తుల పట్టికని తెచ్చి నట్టనడుమ కూర్చోబెట్టావు. ఈ ఉత్తరం బాణమేంటి, ఇంత పొడుగు? ఎవర్ని పొడవడానికి?"

"ఖాళీగా ఉంటే బాగుండదేమోనని..."

"ఖాళీ ఉండాలి! మ్యాప్‌కి ఊపిరాడాలి. రోజూ చెప్తున్నా, రోజూ ఇదే. గొర్రెతోక బెత్తెడే."

అమ్మాయి టీ పోసింది. టీ మాత్రం బాగా పెడుతుంది, అది కూడా రాకపోతే ఏనాడో తరిమేసేది. ఫుసాయె ఒక గుక్క తాగి, బల్ల కింద కాళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. ఎందుకో ఈ వారమంతా కాలివేళ్లు సలుపుతున్నాయి. ఇలాంటివాళ్ల మధ్య కూర్చుంటే ఒళ్లంతా సలపక ఏం చేస్తుంది?

"మేడమ్, ఈసారి ఎలాగైనా సరిగ్గా రావాలి," అంది అమ్మాయి. "పోయిన వారం నా మ్యాప్ చూసి ఒకావిడ తప్పిపోయింది. ఎడమకి తిరగాల్సింది, కుడికి తిరిగింది. కోటు కూడా లేకుండా మంచులోకి వెళ్లిపోయింది. దొరికేసరికి పెదాలు నీలం. ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కదన్నాడు డాక్టరు."

ఫుసాయె కప్పు కింద పెట్టింది.

"ఉన్నదే ఒక్క మలుపు! ఒక్క మలుపులో దారి తప్పిందా? ఎవరా మొద్దు?"

అమ్మాయి కిటికీకేసి చూసింది. "పెద్దావిడ, మేడమ్. మ్యాప్ సరిగ్గా అర్థం చేసుకోలేక..."

"నోర్ముయ్! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గీయడం చేతకాక చూసేవాళ్ల మీద తోస్తావా? ఆవిడ మొద్దే. కాదనను. ప్రపంచమంతా మొద్దులే. మొద్దుని కూడా చేర్చడానికేగా మనకి జీతాలు! ఆవిడ ఆ చోటికి కొత్తా?"

"ఆవిడకి ప్రతిసారీ కొత్తే, మేడమ్."

"ఖర్మ. సరే, మ్యాప్ ముందు ఎటు తిరిగి నిలబడుతుంది?"

"దక్షిణం వైపు."

"మరి పైన ఏం పెట్టావు?"

అమ్మాయి చూసుకుంది. ముఖం పాలిపోయింది. "ఉత్తరం..."

"ఉత్తరం! దక్షిణం చూసే మనిషికి ఉత్తరం పైన పెట్టి ఇస్తే కుడి ఎడమైపోదూ? చేతిలో పట్టుకునే మ్యాప్‌కి ఉత్తరం పైన. గోడ మీది మ్యాప్‌కి, చూసేవాళ్ల ముందున్నదే పైన. ఈ దేశంలో ఏ వీధి మలుపులో బోర్డు చూసినా అంతేగా! కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుస్తావు? ఆవిడ తప్పిపోలేదు, నువ్వే తప్పించావు. చచ్చిపోయుంటే ఆ పాపం నీదే."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఫుసాయెకి జాలి కలగలేదు. ఏడిస్తే గీతలు సరవుతాయా?

"కొత్త కాగితం తీయ్. దక్షిణం పైకి పెట్టు. కింద ఒక నల్లచుక్క, బయల్దేరే చోటు. అక్కణ్ణుంచి చేరాల్సిన చోటికి ఒక్కటే ఎర్రగీత, లావుగా. మిగతావన్నీ సన్నగా, బూడిదరంగులో. పూలొద్దు, పట్టికొద్దు, బాణమూ వద్దు. ఆవిడకి కావలసింది ఉత్తరం కాదు, దారి."

అమ్మాయి గీసింది. ఫుసాయె మళ్లీ దూరంగా పట్టుకుని చూసింది. ఎర్రగీత పైకి వెళ్లి, ఎడమకి తిరిగి, ఆగింది. చిన్నపిల్ల కూడా తప్పిపోదు.

"బతికిపోయావు," అని ముద్ర తీసి ఎర్రసిరాలో అద్ది, మూలన నొక్కింది. "నీ పేరేంటన్నావ్?"

"చిజురు, మేడమ్."

"గుర్తుంచుకోదగ్గ పని ఒక్కటైనా చేస్తే గుర్తుంటుంది. తీసుకెళ్లు. ఇది చూసి కూడా దారి తప్పితే ఆ మొద్దుని దేవుడు కూడా బాగుచెయ్యలేడు."

చిజురు లేచి, నడుము వంచి దండం పెట్టింది. ముద్ర ఆరేదాకా ఊది, మ్యాప్ మీద రెండే పేర్లు రాసింది: కింద నల్లచుక్క దగ్గర 'ఫుసాయె అత్తయ్య మంచం', ఎర్రగీత చివర 'టాయిలెట్'.